నాన్న పేరుతో నకిలీ ఖాతా: తీయించడానికి పట్టిన 25 రోజులు

జూన్ 8, ఆదివారం. పొద్దున తొమ్మిదింటికి మస్కట్ నుంచి ఫోను. నాన్న దగ్గర పదో తరగతి చదివిన అబ్బాయి. అబ్బాయి అంటున్నాను గానీ నలభై దాటి ఉంటాడు. "అక్కా, మాస్టారు బాగున్నారా? డబ్బుకేమైనా ఇబ్బందిగా ఉందా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. నాన్న పోయి అప్పటికి ఏడు నెలలు.

ఆ సంగతి అతనికి తెలియదు. ముందు అది చెప్పాల్సి వచ్చింది. అవతల అతను ఏడుస్తుంటే ఇవతల నేను ఏడ్చాను. తేరుకున్నాక అసలు విషయం చెప్పాడు. ముందు రోజు రాత్రి సోషల్ మీడియాలో నాన్న పేరుతో, నాన్న ఫొటోతో ఉన్న ఖాతా నుంచి మెసేజ్ వచ్చిందట. "నా స్నేహితుడు సీఆర్‌పీఎఫ్‌లో పనిచేస్తున్నాడు, బదిలీ అయింది. ఫ్రిజ్, సోఫా, ఏసీ అన్నీ కలిపి 75 వేలకు ఇచ్చేస్తున్నాడు. నేను చూశాను, మంచి సామాను, నువ్వు తీసుకో" అని. మెసేజ్ అంతా ఇంగ్లిష్‌లో ఉంది. "మాస్టారు నన్ను ఒరేయ్ అనకుండా ఎప్పుడైనా మాట్లాడారా అక్కా? అందుకే అనుమానం వచ్చింది" అన్నాడు.

వెంటనే ఆ ఖాతా తెరిచి చూశాను. 2013లో రిటైరైన రోజున, మెడలో దండ, భుజాన శాలువాతో పిల్లల మధ్య నిలబడ్డ ఫొటో. అది తీసింది వాళ్ళ బ్యాచ్ పిల్లలే. నాన్న సొంత ఖాతాలోంచి దాన్ని ఎత్తుకొచ్చి పెట్టారు. 200 మందికి పైగా స్నేహితుల జాబితాలో ఉన్నారు, దాదాపు అందరూ ఆయన శిష్యులే. ఫొటో పక్కన పచ్చ చుక్క. అమ్మ నా వెనకే నిలబడి ఉందని నేను గమనించలేదు. "మీ నాన్నగారు లైన్లో ఉన్నట్టు చూపిస్తోందేమే?" అంది. దొంగ ఖాతా అని చెప్పాను. తల ఊపింది. కానీ ఆ రోజంతా మూడు నాలుగు సార్లు వచ్చి "ఇంకా ఉందా?" అని అడిగింది. డబ్బు సంగతి కాదు ఆవిడ అడుగుతున్నది, ఆ చుక్క సంగతి. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను నిద్రపోనివ్వనిది అదే.

ఆ ఉదయమే రిపోర్ట్ బటన్ నొక్కాను. 'వేరొకరిలా నటిస్తున్నారు' అన్నదాన్ని ఎంచుకుంటే, ఎవరిలా అని అడిగింది: నాలాగా, నా స్నేహితుడిలాగా, ప్రముఖ వ్యక్తిలాగా. చనిపోయిన తండ్రికి అందులో చోటు లేదు. 'స్నేహితుడు' అని పెడితే, నాన్న అసలు ఖాతాను చూపించమంది, చూపించాక ఆయనకు కబురు పంపుతామంది. ఆయన ఫోను బీరువాలో ఉంది, సిమ్ము ఎప్పుడో ఆగిపోయింది. నాన్న పాత బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపుల్లో సంగతి పెట్టాను. మధ్యాహ్నానికి నలభై మందికి పైగా రిపోర్ట్ కొట్టారు. అందరికీ ఒకటే జవాబు: పరిశీలించాం, ఈ ఖాతా మా ప్రమాణాలకు విరుద్ధంగా లేదు. ఎక్కువ మంది కొడితే పోతుందని మేమంతా నమ్మాం. అలా ఏమీ జరగదు.

ఆ గ్రూపుల వల్లే ఇంకొకటి బయటపడింది. హైదరాబాద్‌లో ఉంటున్న ఇంకో శిష్యుడు ముందు రోజు రాత్రే అడ్వాన్సు కింద 20 వేలు యూపీఐలో పంపేశాడు. "మాస్టారు అడిగితే ఆలోచిస్తానా" అన్నాడు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయించాం. ఆ ఫోను చేసేముందు పంపిన సమయం, బ్యాంకు పేరు, లావాదేవీ తాలూకు యూటీఆర్ నంబరు చేతిలో ఉంచుకోవాలి. అతను అవి వెతుక్కుంటూ పావుగంట పోగొట్టుకున్నాడు. అవతలి ఖాతాలో మిగిలి ఉన్న 6,500 మాత్రం ఆపగలిగారు. మిగతాది అప్పటికే చేతులు మారిపోయింది.

జూన్ 10న సెలవు పెట్టి మా ఊరి పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. రెండున్నర గంటలు కూర్చున్నాక, డబ్బు పోయింది మీది కాదు కదా, డబ్బు పోగొట్టుకున్నాయన తానున్న చోట ఫిర్యాదు ఇవ్వాలి అన్నారు. మరి నాన్న పేరు వాడుకోవడం నేరం కాదా అని అడిగాను. అర్జీ తీసుకుని, రెండో కాపీ మీద ముద్ర వేసి ఇచ్చారు. ఆ ముద్ర తర్వాత పనికొచ్చింది. ఆ పూటకి మాత్రం ఒట్టి చేతులతో తిరిగొచ్చినట్టే అనిపించింది.

మలుపు తిరిగింది జూన్ 11న. నాన్న శిష్యుల్లోనే ఒకతను జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి, నేను తీసిన స్క్రీన్‌షాట్లన్నీ చూసి ఒక్క మాటన్నాడు: "అక్కా, మీరంతా బటన్ నొక్కారు. ఫిర్యాదు ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు."

ఆ తేడా నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే ఇదంతా రాస్తున్నాను. యాప్‌లో రిపోర్ట్ నొక్కితే వాళ్ళు తమ సొంత ప్రమాణాలతో పోల్చి చూసుకుంటారు. చట్టం లెక్కపెట్టే గడువు మొదలయ్యేది కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఫిర్యాదు అందినప్పుడు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ (సమాచార సాంకేతికత) నియమాల్లో అది ఉంది. 2025 జూన్ నాటికి ఉన్న నియమం ప్రకారం ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలపాలి, 15 రోజుల్లో తేల్చాల్సి ఉండేది. ఒకరి పేరుతో మరొకరు నటించే ఖాతాలు, మార్ఫింగ్ బొమ్మలు, నగ్న చిత్రాల వంటివైతే నియమం 3(2)(బి) కింద అప్పట్లో 24 గంటల్లోనే తొలగించే చర్య తీసుకోవాల్సి ఉండేది. ఆ ఫిర్యాదు బాధితుడే ఇవ్వాలని లేదు, అతని తరఫున ఎవరైనా ఇవ్వవచ్చు. 'అతని తరఫున' అన్న ఆ మాట దగ్గర వేలు పెట్టి, "మనం పట్టుకోవాల్సింది ఇదే" అన్నాడు.

కోర్టుకు వెళ్ళక్కర్లేదా అని అడిగాను. 2015 నాటి శ్రేయా సింఘాల్ తీర్పు గురించి ఎక్కడో చదివాను, కోర్టో ప్రభుత్వమో ఆదేశిస్తే తప్ప ఈ కంపెనీలు దేన్నీ తీయనక్కర్లేదని. అతను నవ్వలేదు, ఓపిగ్గా చెప్పాడు. ఒక రాత చట్టవిరుద్ధమా కాదా అని కంపెనీయే జడ్జీలా కూర్చుని తేల్చకూడదన్నది ఆ తీర్పు వెనక ఉన్న భయం. పేరూ ముఖమూ దొంగిలించినప్పుడు బాధితుడి ఫిర్యాదుకే స్పందించాలని ఈ నియమం విడిగా చెబుతోంది. జనం పెట్టే వాటికి కంపెనీ బాధ్యురాలు కాదని ఐటీ చట్టం 79వ సెక్షన్ ఇచ్చే రక్షణ కూడా ఈ నియమాలు పాటిస్తేనే నిలుస్తుంది. నాకు అప్పటిదాకా గోడలా కనిపించిన కంపెనీకి ఒక తలుపుందని ఆ పూట తెలిసింది.

ఆ తలుపు ఎక్కడుందో వెతకడానికే గంట పట్టింది. 50 లక్షలకు మించి వాడకందారులున్న సంస్థలు మన దేశంలోనే ఉండే గ్రీవెన్స్ ఆఫీసర్‌ను పెట్టాలి, పేరూ చిరునామా వెబ్‌సైట్‌లో కనపడేలా ఉంచాలి. ఉంది, కాదనను. సహాయం పేజీలోంచి నిబంధనల్లోకి, అందులోంచి భారతదేశానికి సంబంధించిన పేజీకి, దాని అడుగుకి వెళ్ళాక ఉంది.

జూన్ 12 రాత్రి 9:40కి పంపాను. సబ్జెక్టులోనే 'నియమం 3(2)(బి) కింద ఫిర్యాదు, చనిపోయిన నా తండ్రి పేరుతో నకిలీ ఖాతా' అని పెట్టమన్నాడు లాయరు తమ్ముడు, లేకపోతే 15 రోజుల వరసలో పడుతుందని. జతపరచినవి: మరణ ధ్రువీకరణ పత్రం, నా ఆధార్, అమ్మ ఫ్యామిలీ పెన్షన్ కోసం అప్పట్లో తీసుకున్న ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పోలీసుల ముద్ర ఉన్న అర్జీ, రెండు ఖాతాలూ పక్కపక్కన పెట్టిన స్క్రీన్‌షాట్లు. ఆ ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఇంట్లో లేకపోయి ఉంటే దాని కోసమే ఇంకెన్ని రోజులు తిరిగేదాన్నో. తండ్రీ కూతుళ్ళమని చూపించడానికి అదే గట్టి కాగితం.

ఒక జాగ్రత్త మాత్రం చేతులారా దాటేసి, తర్వాత బాధపడ్డాను. మొదటి రోజు ఆ ఖాతా పేరునే రాసుకున్నాను, లింకు రాసుకోలేదు. జూన్ 11 రాత్రికి వాడు నన్ను బ్లాక్ చేశాడు, ఖాతా పేరులో ఒక అక్షరం మార్చాడు. నా ఫోన్‌లో వెతికితే ఖాతాయే లేనట్టు చూపిస్తోంది! పోయిందనుకుని అమ్మకి చెప్పాను కూడా. ఆవిడ ఆ రాత్రి స్థిమితంగా అన్నం తింది. పొద్దున్నే మస్కట్ తమ్ముడు "ఉంది అక్కా, నాకు కనిపిస్తోంది" అన్నాడు. అమ్మకి మళ్ళీ ఉందని చెప్పడం మొదటిసారి చెప్పడం కన్నా కష్టమైంది. పేరు మారినా ఖాతా తాలూకు అంకెల ఐడీ మారలేదు. అతని చేత దాన్ని కాపీ చేయించి, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్ రికార్డింగ్ తీయించాను. మీకు ఇలాంటిది ఎదురైతే రిపోర్ట్ కొట్టకముందే ఆ పని చేయండి.

మెయిల్ పంపిన రెండు నిమిషాల్లో ఆటోమేటిక్ జవాబు, టికెట్ నంబరు వచ్చాయి. మర్నాడు రాత్రి 9:40 వరకూ గడియారం చూస్తూనే ఉన్నాను. ఏమీ రాలేదు. జూన్ 14 మధ్యాహ్నం వచ్చింది. 'మీ ఫిర్యాదును పరిశీలించాం. ఈ ఖాతా మా ప్రమాణాలను ఉల్లంఘిస్తున్నట్టు కనిపించలేదు. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం.' కింద ఒక మనిషి పేరు లేదు. కారణం ఒక్క ముక్క లేదు. మరణ పత్రం తెరిచి చూశారో లేదో కూడా తెలియదు. ఆఫీసు మెట్ల మీద కూర్చుని చదివాను. కోపం కన్నా అవమానం ఎక్కువ కలిగింది. 31 ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి, ఎవరి దగ్గరా రూపాయి చేబదులు అడగని మనిషి, ఆయన మొహం పెట్టుకుని ఎవడో ఫ్రిజ్‌లు అమ్ముతుంటే అందులో తప్పేమీ కనిపించలేదంటున్నారు.

ఆవేశంలో అదే టికెట్ మీద ఇంకో పెద్ద మెయిల్ రాశాను. జూన్ 17న అక్షరం పొల్లుపోకుండా అదే జవాబు వచ్చింది. లాయరు తమ్ముడు గట్టిగానే చెప్పాడు: "ఇక రాయకండి అక్కా. జూన్ 14 నాటి జవాబే వాళ్ళ నిర్ణయం. అప్పీలుకు 30 రోజుల గడువు ఆ రోజు నుంచే నడుస్తోంది. ఉత్తరాలు రాసుకుంటూ కూర్చుంటే జూలై 14 దాటిపోతుంది."

అప్పీలు గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి. జీఏసీ అంటారు. 2022 అక్టోబరులో నియమాలు సవరించి దీన్ని తెచ్చారు, 2023 జనవరిలో ఇలాంటి కమిటీలు మూడు ఏర్పాటు చేశారు. ఒక్కోదానిలో ఒక అధ్యక్షుడు, ఇద్దరు సభ్యులు. నేను ఈ పేరు ఎప్పుడూ వినలేదు. అప్పీలంటే ఢిల్లీ వెళ్ళాలి, వకాల్తా వేయాలి, వేలల్లో ఫీజు కట్టాలి అనుకున్నాను. ఒక్క రూపాయి ఫీజు లేదు. అప్పీలు వేయడం నుంచి ఉత్తర్వు వరకూ అంతా ఆన్‌లైన్‌లోనే. జీఏసీ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో నమోదు చేసుకుని జూన్ 21, శనివారం కూర్చున్నాను. ఏ సంస్థ మీద, గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఎప్పుడు రాశారు, టికెట్ నంబరు, వాళ్ళ జవాబు, మీరు కోరేదేమిటి. ఇదే సారాంశం. జూన్ 12కు ముందు మేమంతా కొట్టిన రిపోర్టులకు ఇక్కడ విలువే లేదు. టికెట్ నంబరు లేకపోతే గుమ్మంలోనే ఆగిపోయేదాన్ని.

'మీరు కోరేది' అన్న దగ్గర పెద్ద కథ రాసి పెట్టుకున్నాను. నాన్న ఎలాంటివాడో, పిల్లలంటే ఆయనకెంత ప్రాణమో. తమ్ముడు అదంతా కొట్టేయించి మూడు వాక్యాలు మిగిల్చాడు: ఈ ఐడీ గల ఖాతా ఫలానా తేదీన చనిపోయిన నా తండ్రి పేరు, ఫొటో వాడుకుని డబ్బు అడుగుతోంది, నియమం 3(2)(బి) కింద 24 గంటల్లో తీయాల్సింది తీయలేదు, కారణమూ చెప్పలేదు, ఖాతాను తొలగించాలి, దాని రికార్డులను భద్రపరచాలి. కొట్టేస్తుంటే బాధ కలిగింది. కానీ చదివి చూస్తే నాన్న బోర్డు మీద వేసే లెక్కలాగే ఉంది, అక్కర్లేని మెట్టు ఒక్కటీ లేకుండా. ఎందుకో అప్పుడు కాస్త ధైర్యం వచ్చింది.

అప్పీలును 30 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని నియమం. ఆ రోజుల్లో నేను చేసిన మంచి పని ఒకటే. నాన్న అసలు ఖాతాను స్మారక ఖాతాగా మార్పించాను. మరణ పత్రం ఇస్తే నాలుగు రోజుల్లో అయింది. దాంతో అసలుదేదో, దొంగదేదో శిష్యులకు ఇట్టే తెలిసింది. ఆయన పేరు పైన 'జ్ఞాపకార్థం' అని చూసినప్పుడు మాత్రం, అప్పటిదాకా ఎందుకు మార్పించలేదో నాకే అర్థమైంది. పెన్షన్ కాగితాలు, బ్యాంకు కాగితాలు అన్నీ మార్చాం. ఇది ఒక్కటే వదిలేశాం.

జూలై 3న, గురువారం సాయంత్రం, కంపెనీ నుంచి మెయిల్. 'మీ ఫిర్యాదును పునఃపరిశీలించి ఖాతాను తొలగించాం.' అంతే. అప్పీలు వేసిన 12 రోజులకు. జూన్‌లో లేని తప్పు జూలైలో ఎలా కనిపించిందో వాళ్ళు చెప్పలేదు. కమిటీ నుంచి నోటీసు వెళ్ళాకే ఒక మనిషి కూర్చుని మా కాగితాలు చదివి ఉంటారని నా నమ్మకం. మస్కట్ తమ్ముడి చేత, హైదరాబాద్ తమ్ముడి చేత చూపించి, ఇద్దరూ లేదన్నాకే అమ్మకి చెప్పాను. ఒకసారి పొరపాటు చేశాను కదా. ఆవిడ ఏమీ అనలేదు. లోపలికెళ్ళి దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చింది.

కమిటీ ఉత్తర్వు జూలై 18న వచ్చింది. ఖాతాను ఇప్పటికే తొలగించారు గనుక అప్పీలు ముగిస్తున్నామని ఉంది. చనిపోయిన మనిషి తరఫున కూతురు ఇలా అడగవచ్చా అన్నదాన్ని తేల్చి చెప్పలేదు. తమ్ముడికి అది కొంచెం నిరాశ. ఆ ఒక్క వాక్యం రాసి ఉంటే రేపు ఇంకొకరికి ఉపయోగపడేదని అతని బాధ. నాకూ అలాగే అనిపిస్తోంది.

మధ్యలో జూలై 9న ఇంకో ఖాతా పుట్టింది, అదే దండ ఫొటోతో. ఈసారి ఎవరినీ రిపోర్ట్ కొట్టమనలేదు. ముందు ఐడీ కాపీ చేసుకుని, పాత టికెట్ నంబరు, అప్పీలు నంబరు రెండూ వేసి గ్రీవెన్స్ ఆఫీసర్‌కే రాశాను. 19 గంటల్లో పోయింది. అమ్మకి అసలు తెలియనివ్వలేదు.

ఖర్చు అడుగుతారని చెబుతున్నాను: జెరాక్సులు, ఆటోలు అన్నీ కలిపి 900 దాటలేదు. మూడు రోజులు సెలవు పోయింది. తమ్ముడు ఫీజు మాట ఎత్తనివ్వలేదు, "మాస్టారు నా దగ్గర ట్యూషన్‌కి తీసుకున్నారా?" అన్నాడు.

ఇంకా మిగిలి ఉన్నది పోయిన డబ్బు, చేసిన మనిషి. హైదరాబాద్ తమ్ముడి ఫిర్యాదు మీద అతనుండే చోట ఐటీ చట్టం 66సీ (గుర్తింపు దొంగతనం), 66డీ (వేరొకరిలా నటించి మోసం) సెక్షన్ల కింద ఎఫ్ఐఆర్ అయింది. ఆపిన 6,500 చేతికి రావాలంటే కోర్టు ఉత్తర్వు కావాలన్నారు, అర్జీ వేశాడు. తీసేసిన ఖాతా సమాచారాన్ని, దానికి చెందిన రికార్డులను కంపెనీ 180 రోజులు ఉంచాలి. జూలై 3 నుంచి లెక్కేస్తే డిసెంబర్ 30 వరకు. ఆ లోగా పోలీసులు రాసి అడగకపోతే ఆ ఖాతా ఏ నంబరుతో తెరిచారో, ఎక్కడి నుంచి నడిపారో చెప్పే ఆధారాలు పోవచ్చు. కేసు చూసే అధికారి ఇంకా రాయలేదట. వచ్చే సోమవారం నా దగ్గరున్న రికార్డింగులు, ఐడీలు, ఉత్తర్వు కాపీ తీసుకుని, హైదరాబాద్ వెళ్ళి అతనితో కలిసి స్టేషన్‌కి వెళ్తున్నాను. డిసెంబర్ 30 అని కాగితం మీద పెద్ద అంకెల్లో రాసి ఫైలు మీద అంటించాను.